‘అయితది సార్’కు నలభై అర్థాలు

ఐటీ కొలువులో కొత్తగా చేరుతున్న పిల్లలకు కాలేజీలో కంప్యూటర్ భాషలు చాలా నేర్పి ఉంటారు. వాటిలో ఒక్కటి కూడా మేనేజరుతో మాట్లాడటానికి పనికిరాదు. నేను నల్గొండలో మూడు వందల మంది ఇంజనీర్లను ఏలినవాణ్ని. ఆ మూడు వందల మంది నాతో మాట్లాడిన భాషలో ఉన్నది ఒకే ఒక్క మాట: ‘అయితది సార్’. దానికి నలభై అర్థాలున్నాయి. ఆ నలభై తెలిసినవాడే ఈ కొలువులో నెగ్గుకొస్తాడు.

సరే, మూడు వందలు కాదు. ఇరవై చిల్లర. ఆ చిల్లరలో నీళ్ల డబ్బాలు వేసే యాదయ్య కూడా ఉన్నాడు. ఆయన మా కంపెనీ మనిషి కాదు గాని, రోజూ మా అందరికంటే ముందే ఆఫీసుకు వచ్చేవాడు కాబట్టి కలిపేసుకున్నాను. నలభై అర్థాలు కూడా కాదు. నాకు తెలిసినవి నాలుగు. ‘ఏలినవాణ్ని’ అన్నదాన్ని కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరు ఎవరిని ఏలారో చదివితే మీకే తెలుస్తుంది.

నాకు వచ్చిన ప్రమోషన్ల సంగతి ఇందులో రాయడం లేదు. రాద్దామన్నా ఒక పేరా నిండదు.

బట్టల దుకాణం పైన

హైదరాబాదులో చాలా ఏండ్లు చేశాక, జిల్లా కేంద్రాలకు కూడా ఐటీ రావడం మొదలైంది. మా కంపెనీ నల్గొండలో ఒక బ్రాంచి తెరుస్తామంది. ఎవరు పోతారని మీటింగులో అడిగితే అందరూ టేబుల్ వైపు చూశారు. నేను చెయ్యి లేపాను. పుట్టిన మట్టికి సేవ చేయాలని ఉందన్నాను. చప్పట్లు కొట్టారు. అసలు సంగతి, రోజూ వనస్థలిపురం నుంచి గచ్చిబౌలికి పోయి వచ్చేసరికి నా నడుము మట్టిలో కలిసేటట్టుంది.

క్లాక్ టవర్ దగ్గర ఒక బట్టల దుకాణం పైన మా ఆఫీసు. కింద చీరల సేలు పెడితే ఆ మైకు మా కాల్స్‌లోకి వచ్చేది. పూణే క్లయింటుతో ధర మాట్లాడుతుంటే ‘ఒకటి కొంటే ఒకటి ఫ్రీ’ అని వినిపించింది. అది మా మాటే అనుకొని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. బత్తాయిల కాలంలో తోటలున్న పిల్లలు సంచులకొద్దీ తెచ్చేవాళ్లు. కీబోర్డులన్నీ జిగట. ఒక గోడకు ‘మా తలుపులు మీకోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి’ అని కంపెనీ వాళ్లు పోస్టరు అంటించారు. నిజంగానే తెరిచి ఉండేవి. గొళ్లెం ఊడిపోయి ఏడాదైంది.

మా బాసు రాఘవ్ గారు బెంగళూరులో ఉండేవాడు. సముద్రం దిక్కు, కోస్తా మనిషి, నాకంటే పదిహేనేండ్లు చిన్న. ప్రతి సోమవారం పొద్దున గోడ మీది తెర మీద కనిపించేవాడు. మంచివాడు. ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో గుర్తుపెట్టుకొని అడిగేవాడు. ఆయనకు ఒకటే బలహీనత, రంగులు. ఆయన దగ్గర ఒక షీటు ఉండేది. ప్రతి పనికి ఎదురుగా ఒక గడి. పని సాఫీగా సాగితే పచ్చ, అనుమానముంటే పసుపు, ఆగితే ఎరుపు. ఆ షీటు ఆయన పైవాళ్లకు పోయేది. అంతా పచ్చగా ఉంటే ఆయన మొహం కూడా పచ్చిక మేసిన ఆవులా ప్రశాంతంగా ఉండేది.

“ఇది శుక్రవారానికి అవుతుందా అండీ?” అనేవాడు.

“అయితది సార్” అనేవాళ్లం.

పచ్చ.

వానలు పడని ఏడాది జిల్లా అంతా ఎండిపోయింది గాని మా షీటు మాత్రం మూడు పంటల పొలంలా ఉండేది.

నాలుగు అర్థాలు

మనవైపు పుట్టిన వాళ్లకు ఇది చెప్పనక్కర లేదు. బయటినుంచి వచ్చి మా దగ్గర మేనేజర్లయ్యే పిల్లల కోసం రాస్తున్నాను.

తల అప్పటికే కంప్యూటరు వైపు తిప్పుకొని, చిరాగ్గా ‘అయితది సార్’ అన్నాడంటే సాయంత్రానికి అయిపోతుంది. వాణ్ని కదిలించకండి. ‘అయితది సార్, ఎందుకు గాదు, మీరు ఫికర్ జెయ్యకుండ్రి’ అని పొడుగ్గా చెప్పాడంటే ఇంకా మొదలుపెట్టలేదు. ‘అయితది సార్’ అన్నాక చిన్నగా ఊపిరి పీల్చుకున్నాడా, అక్కడ ఒక ‘గాని’ ఉంది, దాన్ని మింగాడు. నాలుగోది అన్నిటికంటే బరువైనది. నేల చూస్తూ, గొంతు తగ్గించి, నెమ్మదిగా ‘అయితది సార్’ అంటే అది కాదు. కానే కాదు. కాదని మీ మొహం మీద చెప్పి మిమ్మల్ని చిన్నబుచ్చలేక అంటున్నాడు.

మా ఊళ్లో పనుల మీద ఉన్న ట్రాక్టరును బావమరిది వచ్చి అడిగితే, “అయితదితియ్ బావా, సూద్దం” అంటారు. ఆయన చాయ్ తాగి లేచి, ఇంకొకరి ట్రాక్టరు వెతుక్కుంటూ పోతాడు. ఎవరి మనసూ నొవ్వదు. వందేండ్లుగా ఇది చక్కగా నడుస్తున్న పద్ధతి. మధ్యలో తెర లేనంతకాలం నడుస్తుంది. తెర మీదుగా మాట పోతుంది. నేల చూపు పోదు.

కాదన్న పిల్ల

మంజుల మా దగ్గరికి టెస్టరుగా వచ్చింది. అంటే మిగతావాళ్లు చేసిన దాంట్లో తప్పులు పట్టడం ఆమె పని. కొత్తకోట పక్క ఊరు. ఇంట్లో గొర్ల మంద. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఒక కంపెనీలో చేరితే, ప్రొబేషను నడుస్తుండగానే ‘తీరు బాగా లేదు’ అని పంపించేశారట. ఆ మాట మొదటి రోజే నాతో చెప్పింది, గొంతు కూడా తగ్గించకుండా.

“ఈడ గూడ మధ్యల పంపిస్తే ఇగ నన్ను ఎవ్వలు తీస్కోరు సార్. రెండు సార్లు ఎల్లగొట్టిన పిల్ల అంటరు. గందుకే ముందే చెప్తున్న, పని మంచిగ చేస్త. తీరు మాత్రం గిదే.”

మరుసటి సోమవారం రాఘవ్ గారు తెర మీదికి వచ్చి, “కొత్తమ్మాయి గారూ, టెస్టింగు శుక్రవారానికి అవుతుంది కదమ్మా?” అన్నారు.

“కాదు సార్” అంది మంజుల.

నెట్ ఆగిపోయిందనుకున్నాం. తెర మీద రాఘవ్ గారి మొహం అలాగే ఉండిపోయింది. యాదయ్య భుజం మీది డబ్బా దించకుండా నిలబడిపోయాడు.

“అంటే?” అన్నారు రాఘవ్ గారు చివరికి.

“అంటే కాదు సార్. వచ్చే బుధవారానికి అయితది. శుక్రవారానికి కాదు.”

మా షీటులో పుట్టిన మొట్టమొదటి ఎర్ర గడి అది. పిల్లలు దాన్ని చూడటానికి లేచి వచ్చారు.

మీటింగయ్యాక నేనామెను కిందికి చాయ్ తాగుదాం రమ్మన్నాను. “బిడ్డా, పెద్ద సార్‌తోని గట్ల కాదనొద్దు. అయితది అను, పోతది.”

“కాంది అయితదని ఎట్లంట సార్?”

“అనాలె. అందరం అంటున్నం గదా.”

“మా నాయిన గొర్రెను అమ్మేటప్పుడు కుంటిదైతే కుంటిదని ముందుగాల్నే చెప్తడు. లేకుంటే కొన్నోడు ఇంకోపారి మా మంద దిక్కు రాడు.”

దానికి నేనొక గొప్ప సమాధానం చెప్పాను. అది విని ఆమె ఆలోచనలో పడింది. అబద్ధం. చాయ్ డబ్బులైనా ఇద్దామని జేబులో చెయ్యి పెట్టేలోగా ఆమే ఇచ్చేసింది.

పాలించని బర్రె

అప్పుడు మేం చేస్తున్నది హాలియా వైపు ఒక పాల డెయిరీ పని. పాలు పోసే రైతులు ఫోను చేస్తే మనిషికి బదులు యంత్రం మాట్లాడాలి. పశువుల డాక్టరు కావాలన్నా, దాణా కావాలన్నా రాసుకొని పంపించాలి. దానికి పల్లవి అని పేరు పెట్టాం. రేడియో వార్తల్లాంటి గొంతు పెట్టాం. ‘నమస్కారం. దయచేసి మీ సమస్యను వివరించండి’ అంటే లేచి నిలబడబుద్ధేసేది.

మంజుల మొదటి పరీక్ష పెట్టింది. అందరం చుట్టూ మూగాం. ఫోను స్పీకరులో పెట్టి, “మా బర్రె పాలిస్తలేదు” అంది.

పల్లవి ఒక క్షణం ఆలోచించింది. “పరిపాలనకు సంబంధించిన ఫిర్యాదులు ఈ విభాగంలో స్వీకరించబడవు” అంది.

మంజుల కుర్చీలోంచి జారింది. “ఓ పల్లవీ! బర్రె మా సర్పంచ్ గాదే తల్లీ! పాలు... ఇస్త... లేదు!”

ఆ రోజు ఇంక పని జరగలేదు. ఎవరైనా సెలవడిగితే “బర్రె పాలన సాగుతాంది, పోరా” అనేవాళ్లు. నవ్వొచ్చిన తప్పు కాబట్టి రెండు రోజుల్లో బాగు చేశారు. ఇది గుర్తుపెట్టుకోండి. నవ్వొచ్చే తప్పు అందరికీ తెలుస్తుంది, తొందరగా బాగవుతుంది. మర్యాదగా కనిపించే తప్పు ఉంది చూశారూ, అదే కొంప ముంచుతుంది.

ఆ మర్యాద తప్పును కూడా మంజులే పట్టింది. మనం ఫోను పెట్టేసే ముందు ‘ఉంట మరి’ అంటాం. ఉంటానంటూ పోతాం. పల్లవికి అది తెలియదు. ఉంటానంటే లైన్లో ఉంటానేమో అనుకుంది. ‘తప్పకుండా. దయచేసి లైనులోనే ఉండండి’ అని పిల్లనగ్రోవి పాట పెట్టేది. దీనికి తోడు మనవాళ్లకు ఇంకో అలవాటు. అవతలి మనిషి ‘సరే, మంచిది’ అనేదాకా ఫోను పెట్టరు. పెడితే మొహం మీద తలుపేసినట్టు.

మంజుల వాళ్ల నాయినతోనే పల్లవికి ఫోను చేయించి మాకు వినిపించింది.

“సరే మరి, ఉంట” అన్నాడాయన.

“తప్పకుండా. దయచేసి లైనులోనే ఉండండి.” పిల్లనగ్రోవి.

“ఆఁ ఆఁ. ఉంట మరి.”

“తప్పకుండా. దయచేసి లైనులోనే ఉండండి.”

“ఉంట బిడ్డా! గొర్లు సేన్ల వడ్డయి!”

“తప్పకుండా.”

తర్వాత ఆయన కూతురికి ఫోను చేసి, “ఎవరి పిల్లనో గని శాన మర్యాదస్తురాలు. జరసేపు గూడ ఇడిసిపెట్టది” అన్నాడు.

మేమంతా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుతుంటే మంజుల మాత్రం షీటులో ఎర్ర గడి పెట్టింది. అందరి ఫోన్లూ ఇలాగే ఆగితే లైన్లన్నీ నిండిపోతాయని, బర్రెకు రోగమొచ్చిన రైతుకు లైనే దొరకదని రాసింది. రాఘవ్ గారు దాన్ని చూసి, “ఇది కార్నర్ కేసండీ, ఎక్కడో మూలన అరుదుగా తగిలేది. పల్లెటూళ్లలో పెద్దవాళ్లు అనే మాట. ముందు లాంచ్ కానివ్వండి, తర్వాత చూద్దాం” అన్నారు.

“ఇది మూల గాదు సార్, దర్వాజ” అంది మంజుల. “అందరు గీడికెల్లే పోవాలె.”

నేను కాపాడిన కొలువు

రెండు రోజుల తర్వాత రాఘవ్ గారు నా ఒక్కడికే ఫోను చేశారు. లాంచికి ముందు ఆ ఎర్ర గడి గురించి పైనుంచి అడుగుతున్నారట. గొంతులో నిజమైన ఇబ్బంది ఉంది.

“ఆ అమ్మాయి తెలివైందే నర్సింహ గారూ, కానీ టీముతో కలవట్లేదు. ప్రొబేషను ఎలాగూ అయిపోతోంది. పంపించేద్దాం. మీ వైపు నుంచి అవుతుందా అండీ?”

నేను నేల చూశాను. గొంతు తగ్గించాను. నెమ్మదిగా, మా తాతలు గర్వపడేటట్టు, “అయితది సార్” అన్నాను.

చూశారా? నాలుగో అర్థం. ఇంత గట్టిగా కాదని నేను జీవితంలో ఎవరికీ చెప్పలేదు. ఛాతీ ఉబ్బించుకొని ఇంటికి పోయాను. “ఇయ్యాల ఒక పిల్ల కొలువు కాపాడిన” అని నా భార్య భారతితో అన్నాను. ఆమె మెచ్చుకొని ఇంకో రొట్టె వేసింది. అది తిని పడుకున్నాను.

శుక్రవారం మంజులకు మెయిల్ వచ్చింది, ఆ రోజుతో కొలువు ఆఖరని. బ్రాంచి మేనేజరు సమ్మతితోనే ఈ నిర్ణయమని కింద రాసి ఉంది. ఆమె ల్యాప్‌టాప్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

“గీడ మీ సమ్మతి అని ఉంది సార్.”

“నేనెందుకు సమ్మతిస్త బిడ్డా? వద్దనే అన్న!”

“ఏమని అన్నరు?”

“అయితది అన్న” అన్నాను.

ఆమె ల్యాప్‌టాప్ నెమ్మదిగా మూసింది. కోపం కూడా కాదు. “మీరు ఏమన్నరో నాకైతే సమజయితది సార్. గాయనకెట్ల సమజయితది? మీరు కింద జూసుడు ఫోన్ల కనవడుతదా?”

తన టేబుల్ మీద ఉన్న రెండు బత్తాయిలు పక్కవాడికిచ్చి సంచి భుజాన వేసుకుంది. మనవైపు ఎవరైనా బయలుదేరేటప్పుడు ‘పోయొస్త’ అంటారు. పరాయివాడి ఇంట్లోంచి వెళ్లినా అలాగే అంటారు.

“పోతున్న సార్” అంది.

ముప్పయ్యేండ్ల కొలువులో నాకు చాలా చివాట్లు పడ్డాయి. ఒక్కటి కూడా ఆ రెండు మాటలంత బలంగా తగల్లేదు. అప్పుడే లేచి బెంగళూరుకు ఫోను చేసి ‘కాదు’ అన్నానని రాస్తే చదవడానికి బాగుంటుంది. చేయలేదు. ఫోను తీశాను, పెట్టాను. సోమవారం చూద్దామనుకున్నాను. సోమవారం మంగళవారమైంది.

పాల కేంద్రం దగ్గర

లాంచి రోజు రాఘవ్ గారు బెంగళూరు నుంచి స్వయంగా వచ్చారు. హాలియా దాటాక కాలువ పక్క ఊళ్లో పొద్దున్నే పాల కేంద్రం దగ్గర కార్యక్రమం. ఆడవాళ్లు క్యాన్లతో వరసలో నిలబడ్డారు. డెయిరీ అధ్యక్షుడు జనార్దన్ గారు తెల్ల చొక్కా, భుజాన తువ్వాలతో వచ్చాడు. వరసలో ముందున్న లింగమ్మను పిలిచి ఫోను చేతికిచ్చారు. లింగమ్మ నా ఈడుది, గట్టి గొంతు.

“బిడ్డా, మా బర్రె మేత ముడ్తలేదు. డాక్టర్ను పంపియ్యి” అంది.

పల్లవి ఊరు అడిగింది, పేరడిగింది, డాక్టరు మధ్యాహ్నం వస్తారంది. చప్పట్లు. రాఘవ్ గారి మొహం షీటు కంటే పచ్చగా వెలిగింది. నేను మాత్రం లింగమ్మ నోటివైపే చూస్తున్నాను.

“మంచిది బిడ్డా. ఉంట మరి” అంది లింగమ్మ.

“తప్పకుండా. దయచేసి లైనులోనే ఉండండి.” పిల్లనగ్రోవి.

“ఉంట బిడ్డా.”

“తప్పకుండా.”

లింగమ్మ ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే మా వైపు తిరిగింది. “సార్, గీ పిల్ల పోనిస్తలేదు. తినిపొమ్మని కొంగు వట్టుకున్నట్టు వట్టుకున్నది.”

“పెట్టెయ్ లింగమ్మా” అన్నాడు జనార్దన్ గారు.

“ఎట్ల వెడుదు పటేలా? ఆమె మంచిది అంటలేదు గదా!”

వెనక వరసలో గొణుగుడు మొదలైంది. “నీ ముచ్చట్లు ఇంటికి పోయినంక చెప్పుకో, పాలు ఇరుగుతయి!” అని ఎవరో అరిచారు. రాఘవ్ గారు నవ్వుతూ ముందుకు వచ్చి, “ఇలా ఇవ్వండమ్మా, నేను ముగిస్తాను” అని ఫోను తీసుకున్నారు. పెద్ద క్లయింటుతో మాట్లాడినంత మర్యాదగా, “థాంక్యూ అండీ. వివరాలన్నీ అందాయి. మరి ఉంటానండీ” అన్నారు.

“తప్పకుండా. దయచేసి లైనులోనే ఉండండి.”

పిల్లనగ్రోవి.

ఆయన ఫోను చెవికి పెట్టుకొని అలాగే నిలబడిపోయారు. ఏమన్నారో ఆయనకే అప్పుడు తెలిసింది. లింగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఓయమ్మో, సారును గూడ వట్టుకున్నది!” అనేసరికి వరస మొత్తం విరగబడి నవ్వింది. ఒకామె క్యాను ఒలికిపోయింది. అది కూడా నవ్వులో కొట్టుకుపోయింది.

రాఘవ్ గారు నన్ను పక్కకు, దాణా బస్తాల దగ్గరికి తీసుకుపోయారు. చెవులు ఎర్రగా ఉన్నాయి. “ఇంత పెద్ద తప్పు నాకెవరూ చెప్పలేదేంటండీ?”

“చెప్పింది సార్. ఎర్ర గడి పెట్టింది. మీరు పంపించిన్రు.”

“మీరే కదా సరేనన్నారు!”

“నేను సరే అనలే సార్. అయితది అన్న.”

“రెండూ ఒకటే కదండీ!”

అప్పుడు నేను, స్తంభం చీల్చుకొని వచ్చిన యాదగిరిగుట్ట నరసింహస్వామిలా గర్జించాను: “కాదు సార్!”

పాల కేంద్రం దద్దరిల్లింది.

దద్దరిల్లలేదు. నా గొంతు గొర్రెపిల్ల గొంతులా వచ్చింది. ఆసరాగా ఒక పాల క్యాను మూత పట్టుకున్నాను. అది ఊడి చేతికి వచ్చింది. మూత పట్టుకొనే మిగతాదంతా చెప్పాను. గొంతు ఏదైతేనేం, ముప్పయ్యేండ్లు లోపల ఇరుక్కున్న మాట వచ్చింది. ఒకటి వచ్చాక తుమ్ముల్లాగా వరసపెట్టి వచ్చాయి.

“కాదు సార్. ఒకటి కాదు. ఆ పిల్లను పంపుడు న్యాయం కాదు. అందుకు నేను ఒప్పుకోలే. ఆమె లేకుంటే ఈ పని కూడ కాదు. అసలు మీ షీటుల సగం పచ్చ పచ్చే కాదు!”

రాఘవ్ గారు నెమ్మదిగా ఒక దాణా బస్తా మీద కూర్చున్నారు. “మరి ఇన్నాళ్లూ నేను పైకి పంపిన రిపోర్టులు?”

“అవి రిపోర్టులు కావు సార్” అన్నాను. “దీవెనలు.”

ఆయన నన్ను తిట్టబోయారు. నేను చూశాను, నోరు తెరిచారు. కాని నా చేతిలో మూత చూశారు. పక్కనే పల్లవి ఇంకా పిల్లనగ్రోవి వినిపిస్తోంది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు. ఒక మేనేజరు మంచివాడో కాదో ఆ నిమిషంలో తెలుస్తుంది. అందరి ముందూ తనే తప్పులో పడ్డప్పుడు కోపానికి మనిషిని వెతికేవాడి దగ్గర పనిచేయకండి.

జనార్దన్ గారి దగ్గరికి పోయి ఇంకో రెండు వారాలు కావాలన్నారు. “తీస్కోండ్రి. గా ముక్క ముందుగాల్నే చెప్తే నేను తువ్వాల ఉతికించుకొని రాకపోదును గదా” అన్నాడాయన.

అక్కడి నుంచే మంజులకు ఫోను చేశారు. స్పీకరులో గొర్ల అరుపులు వినిపించాయి.

“మంజులా, తప్పు నాది. సోమవారం వచ్చేస్తావా అమ్మా?”

“రాను సార్.”

నా చేతిలో మూత కింద పడింది.

“ఎందుకమ్మా?”

“వచ్చినంక మల్ల ఎర్ర గడి పెడత. మీరు మల్ల పంపిస్తరు. గా పోవుడు వచ్చుడు నాతోని కాదు. ముందు కొలువు పక్కా చేసి పంపుండ్రి, గప్పుడొస్త. ఇంకోటి. సోమవారం మీటింగుల ‘అవుతుందా’ అని అడిగితే అందరు అయితదనే అంటరు. ఏం కాదో గది అడుగుండ్రి.”

రాఘవ్ గారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను అడిగారు, “ఇది దీవెనా అండీ?”

“ఇది రిపోర్టు సార్.”

అక్కడే నిలబడి బెంగళూరులో ఎవరెవరికో ఫోన్లు చేశారు. మూడో ఫోనులో ఆయన కూడా ఎవరితోనో గట్టిగా “కాదండీ” అన్నారు. మేం కారెక్కేలోపు మంజుల కొలువు పక్కా అయింది.

మొదటి ఎర్ర సోమవారం

సోమవారం మంజుల తన కుర్చీలో ఉంది. రాఘవ్ గారు తెర మీదికి వచ్చారు. పాఠం బాగా చదువుకొని వచ్చిన పిల్లాడిలా గొంతు సవరించుకొని అడిగారు.

“ఈ వారం ఏం కాదు?”

మా పిల్లలు ఒక్క గొంతుతో ధైర్యం చెప్పారు. “ఏం కాదు సార్!”

పాపం, ఆయనేదో భయపడుతున్నాడనుకున్నారు. మంజుల టేబుల్ మీద తల పెట్టుకొని నవ్వింది. తర్వాత లేచి, “అరే, సార్‌కు ధైర్యం చెప్పుడు కాదురా! ఏ పని కాదో చెప్పుండ్రి” అంది.

వెనకనుంచి ఒకడు, ఏసీ పనిచేయడం లేదన్నాడు. అది పని కాదు గాని మొదలు కదా అని రాసుకున్నారు. ఇంకొకరు, ‘ఉంట’ తప్పు బాగు చేయడానికి రెండు వారాలు చాలవు, మూడు కావాలన్నారు. ఒక పిల్ల, పోయిన నెల తనది పచ్చ కాదంది. పక్కవాడు, తనది మూడు నెలలుగా కాదన్నాడు. ఇంక ఆగలేదు. వానకాలం తూము ఎత్తినట్టు వచ్చాయి. తెర మీద షీటు చూస్తుండగానే మిరపకాయలు ఆరబోసిన కల్లంలా ఎర్రబడింది. రాఘవ్ గారు తల పట్టుకున్నారు గాని రాయడం ఆపలేదు.

చివర్న శ్రీకాంత్ లేచాడు. మా అందరిలో గొప్పవాడని పేరు. ఎవరినీ ఎప్పుడూ ఒక్క సందేహం అడగనివాడు. నిలబడి చొక్కా గుండీ సవరించుకున్నాడు.

“సార్... మనం గీ పని జేసే సాఫ్ట్‌వేర్... నాకు రాదు. చేరిన కాడికెల్లి రాదు.”

తెర మీద రాఘవ్ గారు నోరు తెరిచారు. ఆయన ఏమంటారోనని నేను చూస్తుండగానే గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. మంజుల తన కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ శ్రీకాంత్ టేబుల్ దగ్గరికి పోతోంది.

“జర జరుగు. ఎక్కడిదాంక వచ్చు?”

“పాస్‌వర్డ్ కొట్టేదాంక” అన్నాడు శ్రీకాంత్.

“మంచిది” అంది మంజుల. “ఆడికెల్లి మొదలువెడుదం.”